కిటికీ తలకు ఝాలరు: కొలత, కోత, కుట్టు, బిగింపు

కర్టెను రాడ్డు, దాని రింగులు, గోడకు దిగేసిన క్లాంపులు, వాటి చుట్టూ పెచ్చులూడిన సున్నం. కిటికీ దగ్గర చూడబుద్ధి కానివన్నీ పైభాగంలోనే పోగవుతాయి. వాటికి అడ్డంగా వేలాడే పొట్టి గుడ్డే ఝాలరు. కర్టెన్ల షాపులో దీన్ని వాలెన్స్ అంటారు, పెల్మెట్ గుడ్డ అన్నా ఇస్తారు.

కుట్టుపనిగా చూస్తే జాకెట్టులో పావు వంతు కష్టం కూడా ఉండదు. చంక లేదు, మెడ లేదు, డాట్లు లేవు, అన్నీ తిన్నటి కుట్లే. అయినా చాలా ఇళ్ళలో ఝాలరు ఒకవైపుకు వాలిపోయో, చివర్లలో రాడ్డు గుబ్బలు బయటకు పొడుచుకొచ్చో, రెండో ఉతుక్కి లోపలి లైనింగు గుడ్డను పైకి లాగేసో కనబడుతుంది. ఇవేవీ మిషను తప్పులు కావు. టేపు పట్టినప్పుడూ గుడ్డ తడపనప్పుడూ జరిగిన తప్పులు. అందుకని ఇక్కడ కుట్టు కన్నా దానికి ముందు పనే ఎక్కువగా చెప్తున్నాం.

లెక్కకి బయటి కొలత 48 అంగుళాల వెడల్పున్న కిటికీని తీసుకుందాం. అంటే చెక్క ఫ్రేముతో 4 అడుగుల కిటికీ, లోపల ఇనుప ఊచలు. ఝాలరు రకం: తిరగేసిన బాక్స్ ప్లీటు. బడిపిల్లల యూనిఫాం స్కర్టు ముందువైపు ఉండే మడతే ఇది. కుచ్చుల ఝాలరు కన్నా గుడ్డ తక్కువ పడుతుంది, దుమ్ము తక్కువ పట్టుకుంటుంది, ఇస్త్రీకి లొంగుతుంది. కొత్తగా కుట్టేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టడం మేలు.

ముందు రెక్కలు తెరిచి చూడండి

టేపు తీసే ముందు కిటికీ రెక్కలు ఎటు తెరుచుకుంటాయో చూడండి. బయటకు తెరుచుకున్నా, పక్కకు జరిగే యూపీవీసీ రెక్కలైనా మీకు స్వేచ్ఛే. గదిలోకి తెరుచుకునే పాతకాలపు చెక్క రెక్కలైతే మాత్రం, రెక్క పై అంచు కన్నా కిందికి దిగిన ప్రతి అంగుళం గుడ్డా రెక్క తెరిచినప్పుడల్లా దానికి చుట్టుకుంటుంది. నెల తిరక్కుండా అంచు నల్లబడి చిరుగుతుంది.

రెక్కలు బయటకు తెరుచుకుంటే బోర్డు (ఝాలరుని వేలాడదీయడానికి గోడకి బిగించే చెక్క పలక) పైభాగం ఫ్రేము పై అంచుకి 8 అంగుళాల ఎత్తున ఉండాలి. 12 అంగుళాల ఝాలరు అక్కడినుంచి వేలాడితే ఫ్రేములో 4 అంగుళాలు కప్పుతుంది. అందులో 3 అంగుళాల దాకా చెక్కే, వెలుతురు పోయేది ఒక్క అంగుళం. లోపలికి తెరుచుకునే రెక్కలైతే బోర్డుని 11 అంగుళాల ఎత్తుకు జరపండి. అప్పుడు గుడ్డ ఫ్రేము మీదకి ఒక్క అంగుళమే దిగుతుంది, రెక్కకి తగలదు. కిటికీ పైన వెంటిలేటరు ఉంటే ఈ రెండో లెక్క కుదరకపోవచ్చు. అలాంటప్పుడు బోర్డు ఎత్తు కాదు, ఝాలరు పొడుగే తగ్గించుకోవాలి.

పొడుగు ఎంత ఉండాలన్నదానికి ఒక వాడుక లెక్క ఉంది: కర్టెను మొత్తం పొడుగులో అయిదో వంతు. 5 అడుగుల కర్టెనుకి 12 అంగుళాలు, నేల దాకా దిగే 7 అడుగుల కర్టెనుకి దాదాపు 17. కేటలాగు బొమ్మల్లో 20 అంగుళాలవి కూడా కనబడతాయి గానీ, ఉక్కపోతకి కిటికీ నుంచొచ్చే గాలే దిక్కయిన మన ఊళ్ళలో 4 అడుగుల కిటికీకి 12 దాటించకండి.

కొలతలు

స్టీలు టేపుతోనే కొలవండి. దర్జీ టేపు వాడగా వాడగా సాగుతుంది, 5 అడుగుల మీద పావు అంగుళం తేడా రావచ్చు. రాసుకోవాల్సినవి మూడే.

ఒకటి, బోర్డు వెడల్పు: ఫ్రేము బయటి కొలత 48కి రెండు పక్కలా 3 చొప్పున కలిపితే 54 అంగుళాలు. రెండు, బోర్డు లోతు, అంటే గోడనుంచి గదిలోకి వచ్చేది: కర్టెను రాడ్డు గోడకి మూడున్నర అంగుళాల దూరంలో ఉంటే, కర్టెను మడతల మందం కూడా కలుపుకుని 5 అంగుళాలు కావాలి. కర్టెను లేని కిటికీకి మూడున్నర చాలు. మూడు, రాడ్డు పొడుగు: చివరి గుబ్బలతో సహా 52 అంగుళాలు దాటకూడదు. దాటితే గుబ్బలు పీకేసి ప్లాస్టిక్ మూతలు పెట్టండి. ఝాలరు వచ్చాక ఆ గుబ్బల అందం చూసేవాళ్ళు ఎలాగూ ఉండరు.

ఇప్పుడు గుడ్డ లెక్క. ఝాలరు బోర్డు ముందువైపు 54, రెండు పక్కల 5 చొప్పున తిరిగి గోడని తాకుతుంది. మొత్తం 64. ముందు భాగాన్ని 18 అంగుళాల మూడు పలకలుగా విడగొట్టి, వాటి మధ్య రెండు, బోర్డు మూలల్లో రెండు, వెరసి నాలుగు ప్లీట్లు వేస్తాం. ఒక్కో ప్లీటు 12 అంగుళాల గుడ్డ మింగుతుంది. 64కి 48 కలిపితే 112. పక్క మడతలకి ఒకటిన్నర చొప్పున 3 కలిపితే కోత వెడల్పు 115 అంగుళాలు.

కోత పొడుగు: 12, పై కుట్టుకి అర, కింద రెండుసార్లు మడిచే ఒకటిన్నర అంగుళాల అంచుకి 3. మొత్తం పదిహేనున్నర.

గుడ్డని అడ్డంగా కోయండి

చాలామంది ఇక్కడే డబ్బు పారబోసుకుంటారు. 54 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డని నిలువుగా పదిహేనున్నర చొప్పున ముక్కలు కోసి, మూడింటిని అతికి 115 తెస్తారు. రెండు అతుకులు, బోలెడు వేస్టు. అదే గుడ్డని అడ్డం తిప్పి, థాను పొడుగు వెంట 115 అంగుళాల పట్టీగా కోస్తే అతుకే ఉండదు. పైగా 54 పన్నాలో పదిహేనున్నర అంగుళాల పట్టీలు మూడొస్తాయి. అంటే మూడు మీటర్ల పైచిలుకు గుడ్డతో మూడు కిటికీలు.

ఎంత పైచిలుకు? నూలుగుడ్డ మొదటిసారి తడిసినప్పుడు నూటికి 5 దాకా కుంచించుకోవచ్చు. 3 మీటర్లంటే 118 అంగుళాలు, తడిశాక 112కి వస్తే మీ లెక్క తప్పినట్టే. 3.25 మీటర్లు తీసుకోండి. 48 పన్నా నూలుగుడ్డ అయితే తడిశాక మూడో పట్టీకి చాలదు. మూడు కిటికీలున్నప్పుడు షాపులోనే పన్నా అడిగి తెలుసుకోండి.

అడ్డంగా కోయకూడని గుడ్డలు రెండు. తలకిందుల తేడా ఉన్న డిజైన్లు ఒకటి: నెమళ్ళు, కుండీలో మొక్కలు, ఏనుగులు. అడ్డం తిప్పితే అవన్నీ పడుకుంటాయి. రెండోది వెల్వెట్. దాని నూగు పక్కకి వాలితే ఒకవైపునుంచి ముదురుగా, ఇంకోవైపునుంచి వెలిసినట్టుగా కనబడుతుంది.

ఏ గుడ్డ

మధ్యరకం మందంతో, ఇస్త్రీ మడత నిలిచే నూలు లేదా నూలు-పాలియెస్టర్ కలిసిన కర్టెను గుడ్డ అన్నిటికన్నా సుఖం. ఝాలరు కదా అని పలచని జార్జెట్టు తీసుకుంటే ఫ్యాను వేసినంతసేపూ జెండాలా ఎగురుతుంది.

పొందూరు ఖద్దరుతో కుట్టాలని ముచ్చటపడే వాళ్ళుంటారు, న్యాయమే. వలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన నూలు అది. అయితే పంచెలకి నేసే సన్నరకం గుడ్డ ఈ పనికి మెత్తన, ప్లీటు నిలవదు. తప్పక అదే కావాలంటే మందపాటి లైనింగు వేసి, ప్లీటు అంచుల్ని మడిచిన చోటే పైనుంచి కిందిదాకా సన్నగా ఒక కుట్టు వేసెయ్యండి. చేనేత గుడ్డ ఏదైనా, కోసే ముందు ఒక పోగు లాగి ఆ గీత వెంటే కత్తెర నడపాలి. పన్నాకి అడ్డంగా కంటి అంచనాతో కోస్తే వేలాడదీసిన వారానికి ఒక చివర కిందికి జారుతుంది.

పాత చీరతో అయితే ఇంకో లాభం. అయిదున్నర మీటర్ల చీర పొడుగు వెంట కోస్తే అంచే ఝాలరు కింది అంచు అయిపోతుంది. హెమ్మింగు అక్కర్లేదు కాబట్టి కోత పొడుగు పన్నెండున్నరే చాలు. రెండు అంచుల నుంచి రెండు ఝాలర్లు, మధ్య గుడ్డ దిండు గలీబులకి. ఒక అంచు పెద్దది, ఒకటి చిన్నది అయితే రెండూ ఒకే గదిలో పెట్టకండి. పాత పట్టుచీర మాత్రం వద్దు. ఎండ తగిలే చోట పట్టు మడతల వెంబడే చీలిపోతుంది.

గోనెగుడ్డ ఇప్పుడు బాగా వాడుతున్నారు. నెల్లిమర్ల జూట్ మిల్లు ఉన్న విజయనగరం జిల్లాలో అది వింత వస్తువేం కాదు. కానీ దానితో ప్లీట్లు వేస్తే బస్తాలా ఉబ్బుతుంది. కింద చెప్పే చదును రకానికి బాగుంటుంది. ఉతక్కూడదు, దులుపుకోవాల్సిందే. వానాకాలం చెమ్మ పీల్చి వాసన వేస్తుంది కాబట్టి జల్లు కొట్టే కిటికీకి పెట్టకండి.

లైనింగు లేకుండా కుట్టొచ్చా? కుట్టొచ్చు, పగలు ఎండ పడినప్పుడు ప్రతి మడతా, ప్రతి కుట్టూ నీడల్లా కనబడతాయి. మూడు పట్టీలకి సరిపడా తెల్ల నూలు లైనింగు తీసుకోండి. ఒక్కో కిటికీకి లైనింగు కోత 111 × పదమూడున్నర. అడుగు అంచు ముందు గుడ్డ కన్నా ఒక అంగుళం పైన ఆగుతుంది, బయటకు తొంగిచూడదు.

గుడ్డనీ లైనింగునీ రెండిటినీ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. పై గుడ్డ మాత్రమే తడిపి లైనింగు వదిలేస్తే మొదటి ఉతుకులో లైనింగు కుంచించుకుని ఝాలరు అంచుని లోపలికి లాగేస్తుంది. ఆ తర్వాత విప్పి కుట్టడం తప్ప వేరే మార్గం లేదు.

కుట్టు

మిషనుకి మామూలు నూలు అయితే 14 నంబరు సూది, కర్టెను గుడ్డకి 16. కుట్టు పొడుగు 3 మిల్లీమీటర్లు. దారం పాలియెస్టర్ వాడండి. నూలు దారం కిటికీ ఎండకి గుడ్డ కన్నా ముందే చీకిపోతుంది.

1. ముందు గుడ్డ అడుగున ఒకటిన్నర అంగుళాలు మడిచి, మళ్ళీ ఒకటిన్నర మడిచి ఇస్త్రీ చేసి కుట్టండి. లైనింగు అడుగున ఒక అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టండి. ఇక్కడ గుడ్డని లాగి పట్టుకోవద్దు. లాగితే అంచు అలలు తిరుగుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు.

2. ముందు గుడ్డ రెండు పక్కలా ఒకటిన్నర అంగుళాలు తిరగవైపుకి మడిచి ఇస్త్రీ చెయ్యండి. దానిమీద లైనింగు పరవండి, రెండిటి తిరగవైపులూ ఎదురెదురుగా, పై అంచులు కలిసేలా. లైనింగు పక్కల్ని అర అంగుళం లోపలికి మడిస్తే అది ఝాలరు అంచుకి సరిగ్గా ఒక అంగుళం లోపల ఆగుతుంది. చేతికుట్టుతో అతకండి. ఇప్పుడు మీ చేతిలో 112 అంగుళాల పట్టీ ఉండాలి. మళ్ళీ కొలవండి. తేడా ఉంటే ఇప్పుడే పక్క మడతలో సర్దుకోండి, ప్లీట్లు వేశాక కుదరదు.

3. పై అంచున ఎడమ చివర సున్నా పెట్టుకుని దర్జీ సుద్దతో ఈ గుర్తులు పెట్టండి: 5, 17, 35, 47, 65, 77, 95, 107. ఇవి ప్లీట్ల అంచులు. వేరే రంగు సుద్దతో 11, 41, 71, 101 దగ్గర గుర్తులు పెట్టండి. ఇవి ప్లీట్ల నడుములు. ప్రతి గుర్తునీ మొదటి చివరనుంచే కొలవండి. ఒక గుర్తునుంచి ఇంకో గుర్తుకి కొలుచుకుంటూ పోతే సుద్ద గీత మందమే పోగై చివరికి అర అంగుళం మింగేస్తుంది.

4. మంచివైపు పైకి పెట్టి, 5 గుర్తునీ 17 గుర్తునీ తెచ్చి 11 మీద ఒకదాన్నొకటి తాకించండి. ఒకదాని మీదకి ఒకటి ఎక్కకూడదు, మధ్య సందు ఉండకూడదు. వెనకాల 12 అంగుళాల గుడ్డ సమంగా రెండు పక్కలా పరుచుకుంటుంది. గుండుసూదులు పెట్టి, అడుగు అంచుదాకా గీత తిన్నగా ఉందో లేదో చూసి, ఇస్త్రీ చెయ్యండి. మిగతా మూడూ అంతే. పై అంచుకి పావు అంగుళం కింద కచ్చా కుట్టు వెయ్యండి.

5. ఇప్పుడు కొలిస్తే 64 రావాలి. మందపాటి గుడ్డ అయితే ప్రతి మడత దగ్గరా కొంచెం పోయి అరవై మూడున్నరే రావచ్చు. అర అంగుళమే కదా అని వదిలేస్తే మూల ప్లీటు బోర్డు మూల మీద పడకుండా ముందువైపుకి జరుగుతుంది, పక్కనుంచి చూసేవాళ్ళకి అదే ముందు కనబడుతుంది. మధ్య రెండు ప్లీట్లనీ కాస్త వదులు చేసి లెక్క సరిచెయ్యండి. బోర్డు సిద్ధంగా ఉంటే దాని మీదే పరిచి చూసుకోవడం ఇంకా మంచిది.

6. పై పట్టీ. లంగా నడుం పట్టీలాంటిదే. లైనింగు గుడ్డలో 65 × 5 అంగుళాల ముక్క కోసి, రెండు చివర్లూ అర అంగుళం లోపలికి మడిచి, పొడుగునా సగానికి మడవండి. రెండున్నర అంగుళాల పట్టీ అవుతుంది. దాని పచ్చి అంచుల్ని ఝాలరు పై అంచుతో కలిపి, ముందువైపు పెట్టి, అర అంగుళం కుట్టు వెయ్యండి. ప్లీట్ల దగ్గర ఎనిమిది పొరలు వస్తాయి. మోటారుతో లాగిస్తే సూది విరుగుతుంది, చక్రం చేత్తో తిప్పుకుంటూ దాటించండి. పట్టీని పైకి తిప్పితే కుట్టుకి అవతల 2 అంగుళాలు మిగులుతుంది. ఇది బోర్డు నెత్తిన పడుకుంటుంది.

7. ఈ పట్టీ అడుగువైపు, అంటే బోర్డుకి ఆనే వైపు, ఒక అంగుళం వెడల్పు వెల్క్రోలో మెత్తటి పట్టీ కుట్టండి. మడత గీతకి ముప్పావు అంగుళం లోపలగా, ముందువైపు 50 అంగుళాల ముక్క, రెండు పక్కల 3 అంగుళాల ముక్కలు. మూలల్లో ఖాళీ వదలాలి. ఒక జత వెల్క్రో మీటరున్నర తీసుకుంటే సరిపోతుంది. గరుకు పట్టీ గుడ్డకి కుట్టకండి. ఉతుకులో దానికి నూలంతా అంటుకుంటుంది, పక్క బట్టల్ని పీకేస్తుంది. బోర్డు మూల వచ్చే రెండు చోట్ల, అంటే రెండు చివర్లనుంచీ 5 అంగుళాల దగ్గర, పట్టీని వెనక అంచునుంచి కుట్టు దాకా కత్తిరించండి. కుట్టుని మాత్రం తెంపవద్దు. మూల తిప్పినప్పుడు రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి చదునుగా కూర్చుంటాయి.

వెల్క్రో ఎందుకు, బోర్డుకి నేరుగా పిన్నులు కొట్టేస్తే పోదా? కొట్టొచ్చు, పని బేగి అయిపోతుంది. కానీ రోడ్డు పక్క ఇంట్లో ఆర్నెల్లకే ఝాలరు నెత్తి మీద దుమ్ము అట్ట కడుతుంది. పిన్నులన్నీ పీకి ఉతికి మళ్ళీ కొట్టే ఓపిక ఎవరికీ ఉండదు. ఉతకని ఝాలరు కన్నా లేని ఝాలరే నయం.

బోర్డు

19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 54 × 5 అంగుళాలు. వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కల్లోనే దొరుకుతుంది. అయితే బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికి తట్టుకునే) రకమేనా అని అడగండి. మామూలు కమర్షియల్ ప్లై వానాకాలం చెమ్మకి పొరలు విడిపోతుంది. బోర్డుకి కూడా లైనింగు గుడ్డ చుట్టి అడుగున స్టేప్లర్ గన్నుతో 8 మిల్లీమీటర్ల పిన్నులు కొట్టండి. మంచం మీద పడుకున్న వాళ్ళకి కనబడేది ఆ అడుగే. తర్వాత వెల్క్రో గరుకు పట్టీని బోర్డు పైన, అంచుకి ముప్పావు అంగుళం లోపలగా పెట్టి, రెండేసి అంగుళాలకి ఒక పిన్ను కొట్టండి. వెనకాల జిగురుంటుంది కదా అని అంటించి వదిలేస్తే ఎండాకాలం వేడికి జిగురు కారి మొత్తం ఊడి వస్తుంది.

అడుగున మూడు ఎల్ క్లాంపులు, 4 అంగుళాల కాళ్ళవి: రెండు చివర్లనుంచి 6 అంగుళాల లోపల ఒక్కోటి, నడిమధ్యన ఒకటి. ప్లైలోకి 12 మిల్లీమీటర్ల స్క్రూలు. ప్లై మందం దాటేంత పొడుగువైతే మొన పైకి వచ్చి పట్టీని చించుతుంది.

గోడకి బిగింపు

ఫ్రేము మీద 6 అంగుళాల దాకా ఉండేది లింటెల్, కాంక్రీటు. 8 అంగుళాల ఎత్తున బోర్డు పెడితే క్లాంపు కాళ్ళు సరిగ్గా దాని మీదే పడతాయి. మామూలు డ్రిల్లుతో అక్కడ గంటసేపు గీరినా గుంట కూడా పడదు. హామర్ డ్రిల్లు కావాలి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఉన్నవి ఆరే బెజ్జాలు. బిట్టు దిగుతూ దిగుతూ ఆగి కీచుమంటే లోపల ఇనుప చువ్వ తగిలినట్టు. ఒత్తిడి పెంచకుండా క్లాంపుని ఒక అంగుళం పక్కకి జరపండి. 11 అంగుళాల ఎత్తులో పెట్టే వాళ్ళకి ఈ బాధ లేదు, క్లాంపులు లింటెల్ దాటి ఇటుకలో పడతాయి.

ప్లాస్టిక్ ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగాలి, స్క్రూ 50 మిల్లీమీటర్లది ఉండాలి. ప్లాస్టరింగే 12 నుంచి 15 మిల్లీమీటర్లు తినేస్తుంది. పొట్టి స్క్రూ పెడితే అది పట్టుకునేది గోడని కాదు, ప్లాస్టరింగుని. ఒకరోజు బోర్డు పెచ్చుతో సహా చేతికొస్తుంది. కళింగపట్నం, బారువ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో స్క్రూలూ క్లాంపులూ స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. ఇనపవి ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డ మీద గోధుమరంగు చారలు దించుతాయి. తెల్ల నూలు మీద పడిన మరకయితే నిమ్మరసం, ఉప్పు రుద్ది ఎండలో పెడితే పలచబడుతుంది. రంగు గుడ్డ మీద ఆ పని చేస్తే మరకతో పాటు రంగూ పోతుంది.

మట్టం చూడ్డానికి తాపీమేస్త్రీల నీళ్ళ గొట్టం కన్నా నమ్మకమైనది లేదు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత ఇళ్ళలో ఫ్రేమే అర అంగుళం ఒరిగి ఉంటుంది. ఒరిగిన ఫ్రేము మీద మీరు నిఖార్సయిన మట్టంతో ఝాలరు పెడితే ఫ్రేము తిన్నగా, ఝాలరు వంకరగా కనబడతాయి. ఝాలరు ఫ్రేము పైచెక్కని పూర్తిగా కప్పేస్తుంటే సీలింగుకి సమంగా పెట్టండి. చెక్క కింద నుంచి కనబడుతుంటే ఫ్రేముకే సమంగా పెట్టండి. నీళ్ళ గొట్టం మాట వినాల్సిన పని లేదు.

సంక్రాంతికో పైడితల్లి జాతరకో ఇంటికి వెల్ల వేయించేది ఉంటే అది అయ్యాకే బోర్డు ఎక్కించండి. బోర్డుకీ గోడకీ మధ్య సందు వదలకండి. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే ఆ సందులో వైట్ సిమెంటు పూసెయ్యండి. లేకపోతే కుమ్మరి పురుగు అక్కడ మట్టి గూళ్ళు కడుతుంది, ఆ మట్టి రాలి లైనింగు మీద పడుతుంది.

అంతా అయ్యాక ఝాలరు తెచ్చి నడిమధ్యనుంచి అంటించుకుంటూ రెండు పక్కలకీ వెళ్ళండి. ఒక చివర మొదలుపెడితే రెండో చివరకి లెక్క తప్పుతుంది. మూల ప్లీటు బోర్డు మూల మీద కూర్చుందా, పక్క భాగాలు గోడని తాకుతున్నాయా చూడండి. మొదటి రెండు రోజులూ ప్లీట్ల అడుగున బట్టలారేసే క్లిప్పులు పెట్టి ఉంచితే మడత అలవాటు పడుతుంది.

ఫ్యాను గాలికి ఇంకా ఎగురుతుంటే అడుగు మడతలో, ప్లీట్ల నడుముల దగ్గర బరువైన ఇత్తడి పూసలు కుట్టండి. గజ్జెలు బాగుంటాయని అనిపిస్తుంది, రాత్రంతా మోగుతుంటే మీరే తెంపేస్తారు.

వంపుల అంచు కావాలంటే

ప్లీట్లు లేకుండా చదునుగా ఉండి, అడుగు అంచు మూడు వంపులుగా దిగే రకం ఇది. గోనెకి, పెద్ద డిజైన్ల గుడ్డకి నప్పుతుంది. కోత వెడల్పు 64కి రెండు కుట్లకి ఒకటి కలిపి 65. గుడ్డా లైనింగూ ఒకే కొలత. గీత గీయడానికి వార్తాపత్రికలు అతికించుకోండి. ఒక్కో వంపు 18 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు ఉండాలంటే 15 అంగుళాల దారానికి పెన్సిలు కట్టి చాపం గియ్యాలి. కంచమో పళ్ళెమో బోర్లించి గీసిన వంపులు ఈ వెడల్పుకి రావు. వంపు నడుమ పొడుగు 12, రెండు వంపులు కలిసే చోట 9. పక్క భాగాలు కూడా 9 అంగుళాలే. ఆ 9 అంగుళాల చోట రాడ్డు కనబడకుండా ఉందో లేదో కాగితం గోడకి పట్టించి ముందే చూసుకోండి.

మంచివైపులు ఎదురెదురుగా పెట్టి వంపుల వెంట, పక్కల కుట్టి, పైభాగం వదిలి తిరగెయ్యాలి. తిరగేసే ముందు వంపు చుట్టూ ప్రతి అర అంగుళానికి కుట్టు దాకా చిన్న త్రికోణాలు కత్తిరించి తీసెయ్యండి. ఉత్త గాట్లు పెడితే గుడ్డ లోపల ఒకదాని మీద ఒకటి ఎక్కి బయటికి మెట్లు మెట్లుగా తేలుతుంది. వంపులు కలిసే లోపలి మూలకి మాత్రం గాటే పెట్టాలి, కుట్టుకి రెండు పోగుల దూరం దాకా. ఆ మూలలో మొన మీద సూది తిప్పకుండా, అడ్డంగా ఒక్క కుట్టు వేసి తిరిగితే ముడత పడదు.

బిగువు కోసం లోపల బక్రం పెట్టమంటారు. గంజి పెట్టిన బక్రం ఒక్క ఉతుకుతో చచ్చుబడుతుంది. ఇస్త్రీతో అతుక్కునే ఫ్యూజింగ్ క్యాన్వాస్ తీసుకుని, కుట్టుకి బయట పడే అర అంగుళం మేర వదిలి కోసి అతికించండి. గోనెకి అదీ అక్కర్లేదు.

బోర్డు, డ్రిల్లు ఇవన్నీ ఎందుకనుకునే వాళ్ళకి, అద్దె ఇంట్లో ఉన్న వాళ్ళకి, పాత రాడ్డుకి ముందు ఇంకో రాడ్డు పట్టే జంట క్లాంపులు దొరుకుతాయి. అంగుళం రాడ్డుకి 2 అంగుళాల గొట్టం మడత, దాని పైన అంగుళం చిన్న తల వదిలి కుట్టి కుచ్చులుగా ఎక్కించేయడమే. నూలు అయితే వెడల్పుకి రెట్టింపు, పలచటి గుడ్డ అయితే రెండున్నర రెట్లు. అంతకు తగ్గితే కుచ్చులు కావు, ముడతలు.

ఉతకాల్సి వచ్చినప్పుడు వెల్క్రో విప్పి, పైన దుమ్ము పొడిగానే దులిపి, చల్లటి నీళ్ళలో చేత్తో ఉతకండి. పిండకుండా, పట్టీ దగ్గర పట్టుకుని తలకిందులు కాకుండా తీగ మీద ఆరేస్తే ప్లీట్లు తమంతట అవే సర్దుకుంటాయి. తుఫాను కబురు వచ్చిన రోజు, కిటికీలు మూసే ముందే ఝాలర్లు విప్పి బీరువాలో పెట్టెయ్యండి. జల్లుకి తడిసి చీకటి గదిలో రెండు రోజులు అలాగే వేలాడితే లైనింగు మీద నల్ల బూజు చుక్కలు పడతాయి, అవి మళ్ళీ పోవు.